మెడకి బోటాక్స్: కొన్నేళ్లు వాడాక నా మాట

బోటాక్స్ వేయించుకుంటానని చెబితే చాలు, ఎదుటివాళ్ల చూపు నా నుదుటి మీదికి పోతుంది, ముడతలు ఏమైనా తగ్గాయా అని. నేను వేయించుకునేది మెడకి. నాకున్నది సర్వైకల్ డిస్టోనియా. మెడ కండరాలు నా ప్రమేయం లేకుండా బిగుసుకుని తలని ఎడమవైపుకి లాగేస్తాయి. గడ్డం మీద వేలు ఆనిస్తే కాసేపు తల నేరుగా నిలుస్తుంది, వేలు తీయగానే మళ్లీ మామూలే. డాక్టర్లు ఈ జబ్బుని గుర్తుపట్టే ఆనవాళ్లలో ఆ వేలి చిట్కా కూడా ఒకటి.

ముడతల మందుగా పేరుపడింది కానీ, దీని పుట్టుక వేరు. అలన్ స్కాట్ అనే అమెరికన్ కంటి డాక్టర్ మెల్లకన్ను సరిచేయడానికి దీన్ని వాడి చూశారు. అమెరికాలో 1989లో మెల్లకన్నుకీ, రెప్పలు వాటంతటవే మూసుకుపోయే జబ్బుకీ అనుమతి వచ్చింది. నా మెడ జబ్బుకి 2000లో, ముడతలకి 2002లో. అంటే వరసలో నేనే ముందు!

ఇది చేసే పని ఒక్కటే. కండరాన్ని బిగించమని నరం పంపే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదల కాకుండా అడ్డుకుంటుంది. సూది పడ్డ కండరం కొన్నాళ్లు మెత్తబడుతుంది. సుమారు మూడు నెలల్లో నరం తేరుకుంటుంది, మెడ మళ్లీ లాగడం మొదలుపెడుతుంది. జబ్బు పోదు, జోరు తగ్గుతుంది.

నా అనుభవంలో అసలు తేడా మందులో లేదు, సూది ఎక్కడ దించారన్న దాంట్లో ఉంది. తల ఎడమకి తిరుగుతుంటే లాగేది ఎడమ పక్కే అనుకుంటాం. చాలామందిలో కుడివైపు ముందు కండరం, ఎడమవైపు వెనక కండరం కలిసి లాగుతాయి. ఒక ఆస్పత్రిలో చేత్తో తడిమి చూసి పొడిచేశారు. ఆ మూడు నెలలూ ఒరిగిందేమీ లేదు. ఇప్పుడు చూపించుకుంటున్న డాక్టర్ సూదికే ఈఎంజీ అనే, కండరంలోని విద్యుత్ కదలికల్ని పట్టే మెషీన్ తగిలించి, స్పీకర్‌లో కండరం చప్పుడు వింటూ వేస్తారు. ఊరికే ఉన్న కండరం దాదాపు చప్పుడు చేయదు. బిగిసిపోయినది రేకుల మీద వడగళ్లు పడ్డట్టు మోగుతుంది. అక్కడ వేస్తేనే పని జరిగేది.

వేయించుకున్న వెంటనే ఏమీ తెలియదు. రెండు వారాల్లోపు లాగుడు సడలుతుంది, ఆరో వారం ప్రాంతంలో బాగా హాయిగా ఉంటుంది. నాకైతే తల పూర్తిగా నేరుగా నిలవడం కన్నా నొప్పి తగ్గడమే పెద్ద లాభం. ఇక ఆఖరి వారాలు మాత్రం నరకం. ముందుగానే వేయమని అడిగితే డాక్టర్ ఒప్పుకోలేదు. త్వరత్వరగా వేయించుకుంటే ఒంట్లో దీనికి యాంటీబాడీలు తయారై, మందు పనిచేయడం మానేసే ప్రమాదం ఉందట. అందుకే కనీసం పన్నెండు వారాల ఎడం.

ఇబ్బందులూ ఉన్నాయి. ఒక విడతలో మింగడం కష్టమైంది, మాత్ర గొంతులోనే ఆగినట్టుండేది. మెడ ముందువైపు కండరంలో వేసిన మందు పక్కకి పాకితే ఇలా అవుతుంది. అందుకే బోటాక్స్ అయితే ఆ కండరానికి 100 యూనిట్లు దాటకుండా చూస్తారు. మరుసటి విడతలో డోసు తగ్గించాక ఆ బాధ లేదు. మింగడం బాగా కష్టమైనా, మాట ముద్దగా వచ్చినా, ఊపిరి అందకపోయినా ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే. ఇది గంటల్లోనైనా రావొచ్చు, వారాల తర్వాతైనా రావొచ్చు.

ఇంకో విషయం, బ్రాండ్ మారిస్తే యూనిట్ల లెక్క కూడా మారుతుంది. బోటాక్స్ యూనిట్, డిస్‌పోర్ట్ యూనిట్ ఒకటి కావు. ఏది వేశారో, ఎక్కడెక్కడ ఎంత వేశారో ప్రతిసారీ రాయించుకుంటాను. మయస్థీనియా లాంటి కండరాల జబ్బు ఉన్నా, జెంటామైసిన్ లాంటి యాంటీబయాటిక్ వాడుతున్నా ముందే చెప్పాలి.

వెయిటింగ్ హాల్లో నాలాంటి మెడలు తక్కువే. పక్షవాతం తర్వాత పిడికిలి విప్పలేనివాళ్లు, నెలలో సగం రోజులు తలనొప్పితో గడిపే మైగ్రేన్ వాళ్లు, చంకల్లో విపరీతంగా చెమట పట్టేవాళ్లు, మూత్రం ఆపుకోలేనివాళ్లు... ఒక్కొక్కరికి ఒక్కో చోట సూది. మైగ్రేన్ వాళ్లకైతే తల, మెడ, భుజాల్లో 31 చోట్ల. వాళ్లని చూశాక నా సూదుల గురించి గొణగడం మానేశాను.

అయిదుకి నాలుగు మార్కులు ఇస్తాను. ఒక మార్కు ఆ ఆఖరి వారాలకి కోత. కొత్తగా వెళ్లేవాళ్లు ఫోన్‌లో మెడ వీడియో తీసి తీసుకెళ్లండి, నడుస్తున్నప్పుడూ కూర్చున్నప్పుడూ. డాక్టర్ ముందు కూర్చున్న కాసేపూ మెడ బుద్ధిగా ఉండే రోజులుంటాయి, అప్పుడు ఆ వీడియోనే దిక్కు.