లైంగిక విద్య: తరగతి ఉపాధ్యాయులు చెప్పాలా, నర్సు వచ్చి చెప్పాలా?

పది నుంచి పంతొమ్మిదేళ్ల పిల్లలకు శరీరంలో మార్పుల గురించి, సమ్మతి గురించి బడిలో ఎవరు చెప్పాలన్నది ఏటా తలెత్తే ప్రశ్న. చెబితే పిల్లలు లైంగిక సంబంధాలకు తొందరపడతారన్న భయానికి ఆధారం లేదని యునెస్కో 2018లో సవరించిన మార్గదర్శకాలు స్పష్టం చేశాయి కనుక, చెప్పాలా వద్దా అన్న చర్చ ఇక్కడ అనవసరం.

ఖర్చు: ఉపాధ్యాయులకు ఇచ్చిన శిక్షణ ఏళ్ల తరబడి ఉపయోగపడుతుంది. నర్సు వచ్చిన ప్రతిసారీ ఖర్చవుతుంది.

శ్రమ: ఉపాధ్యాయులు ఏడాది పొడవునా కొంచెం కొంచెంగా చెప్పగలరు. నర్సు ఒకటి రెండు గంటల్లోనే ముగించాలి.

ప్రమాదం: ఎక్కువ ఆలోచించవలసింది దీని గురించే. ఉపాధ్యాయుడు సంకోచించి పునరుత్పత్తి పాఠాన్ని "ఇంట్లో చదువుకోండి" అని దాటవేస్తే, ఇది మాట్లాడకూడని విషయమని పిల్లలు గ్రహిస్తారు. పైగా మార్కులు వేసే మనిషిని అడగడానికి జంకుతారు. నర్సు పేరు రాయనక్కరలేని చీటీల పెట్టె పెట్టినప్పుడు, నాలుగు మడతలు పెట్టిన కాగితంలోంచి "మూడు నెలలుగా నెలసరి రాలేదు, ఇది జబ్బా?" అన్న ప్రశ్న బయటికొస్తుంది. అయితే ఆమె వెళ్లిపోయాక, ఆ బిడ్డ పక్కన ఉండేది ఉపాధ్యాయురాలే.

శిక్షణ పొంది, పిల్లల నమ్మకం చూరగొన్న ఉపాధ్యాయులున్న బడికి మొదటి మార్గమే మేలు. అలాంటివారు లేనిచోట, గర్భనిరోధం, సుఖవ్యాధుల వంటి వైద్య విషయాలు చెప్పేటప్పుడు నర్సునే పిలవాలి.