మత్తునిద్రలో గొంతు పరీక్ష: సీప్యాప్ ఇమడనివారికి ఉపయోగపడే సేవ

నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు ఉన్న మా నాన్నగారు సీప్యాప్ (గాలిని ఒత్తిడితో పంపి గొంతు దారిని తెరిచి ఉంచే యంత్రం) మాస్కు పెట్టుకుని పడుకోలేకపోవడంతో, ఆపరేషన్ గురించి ఆలోచించే ముందు డైస్ అనే పరీక్ష, అంటే మత్తునిద్రలో గొంతును కెమెరాతో చూసే పరీక్ష, చేయించమని హైదరాబాదులో మేము చూపించుకున్న ఈఎన్‌టీ డాక్టరు సూచించారు. స్లీప్ స్టడీ అప్పటికే అయింది కదా, మళ్లీ ఇదెందుకని చాలామందికి అనిపిస్తుంది. గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగుతోందో, పలచబడుతోందో స్లీప్ స్టడీ లెక్కకట్టి చెబుతుంది. ఆ లెక్క 30 దాటితే జబ్బు తీవ్రంగా ఉన్నట్లే. అయితే గొంతులో దారి ఎక్కడ మూసుకుంటోందో దానివల్ల తెలియదు. మెలకువగా ఉన్నప్పుడు గొంతు కండరాలు బిగువుగా ఉంటాయి కాబట్టి, మామూలుగా గొట్టం వేసి చూసినా ఆ సంగతి పూర్తిగా బయటపడదు.

1991లో లండన్‌లో క్రాఫ్ట్, ప్రింగిల్ అనే వైద్యులు వర్ణించిన ఈ పద్ధతిలో, ఆపరేషన్ థియేటర్లో ప్రొపోఫాల్ వంటి మత్తుమందును నెమ్మదిగా ఎక్కించి, గురక మొదలయ్యాక ముక్కులోంచి సన్నని కెమెరా గొట్టాన్ని పంపి, మెత్తటి అంగిలి, గొంతు పక్క గోడలు, నాలుక మొదలు, ఎపిగ్లాటిస్ (ఊపిరి గొట్టం పైనుండే మూత) అనే నాలుగు చోట్లను వరుసగా పరిశీలిస్తారు. నాన్నగారికి నాలుక మొదలు వెనక్కి జారుతోందని వీడియోలో మాకూ స్పష్టంగా కనిపించింది. డాక్టరు కింది దవడను మెల్లగా ముందుకు పట్టగానే ఆ దారి తెరుచుకుంది. అందువల్ల ఆపరేషన్‌కు తొందరపడకుండా, ముందు దవడను ముందుకు నిలిపే పరికరం కోసం దంతవైద్యుల వద్దకు పంపారు. ఈ ఒక్క నిర్ణయం కోసమైనా పరీక్ష చేయించడం సార్థకమని నా అభిప్రాయం.

మత్తు డాక్టరు మొదటినుంచి చివరిదాకా పక్కనే ఉండి ఆక్సిజన్ స్థాయిని గమనించడం మాకు ధైర్యాన్నిచ్చింది. అంగీకార పత్రం ఇంగ్లీషులో మాత్రమే ఉండడం, థియేటర్ ఖర్చు, మత్తు ఖర్చు వేరుగా పడతాయని ముందే చెప్పకపోవడం బాగాలేదు. పెద్దవయసు రోగి సంతకం చేసే కాగితం తెలుగులో ఉండి తీరాలి.

మత్తునిద్ర సహజనిద్రతో సమానం కాదని కూడా గుర్తుంచుకోవాలి. మోతాదు మించితే జబ్బు లేనివారి గొంతు కూడా కుంగినట్లు కనిపించవచ్చు. కలలు వచ్చే దశ ఈ నిద్రలో దాదాపు ఉండదు, ఊపిరి ఆగడం చాలామందిలో ఎక్కువయ్యేది మాత్రం ఆ దశలోనే. కాబట్టి మత్తు లోతును ఎలా కొలుస్తారో ముందుగా అడగండి, వీడియో ప్రతిని తప్పక తీసుకోండి. సీప్యాప్‌తో హాయిగా నిద్రపోతున్నవారికి సాధారణంగా ఈ పరీక్ష అవసరం రాదు.