ఇసుకరాళ్ల పరీక్ష: అంకెలు సగం ఓకే, రిపోర్టు మాత్రం వద్దు

ఇరవై ఇసుకరాయి నమూనాలు ఒక ల్యాబ్‌కి పంపి కెమిస్ట్రీ చేయించాను. మేజర్ ఆక్సైడ్ల (సిలికా, అల్యూమినా లాంటి ప్రధాన భాగాల) పని శుభ్రంగా ఉంది, డూప్లికేట్లు (ఒకే నమూనాని రెండోసారి కొలిచినవి) కూడా దగ్గరగా వచ్చాయి. గొడవంతా మిగతా దాంట్లోనే. జిర్కోనియం, హాఫ్నియం అనుమానం వచ్చేంత తక్కువగా ఉంటే ఫోన్ చేశాను, ఫ్యూజన్ (రాతిపొడిని ఫ్లక్స్‌తో కలిపి బాగా వేడిచేసి కరిగించడం) లేకుండా మామూలుగా యాసిడ్‌లో కరిగించామన్నారు, ఆ రెండు మూలకాలూ ఉండే జిర్కాన్ ఖనిజం అంత తేలిగ్గా కరుగుతుందా అండీ! పైగా టంగ్‌స్టన్ కార్బైడ్ మిల్లులో నూరారట, ఆ మిల్లులోని కోబాల్టే పొడిలో కలుస్తుంది, ఇక కోబాల్ట్ అంకెలు చెత్తబుట్టకే. థోరియం, స్కాండియం నిష్పత్తి, యూరోపియం లోటు మాత్రం పనికొచ్చాయి, ఈ ఇసుక పుట్టిన మూలశిల గ్రానైట్ లాంటిదేనని అర్థమైంది.

అసలు మండింది రిపోర్టు చూశాక. శిలాక్షయాన్ని కొలిచే సీఐఏ సూచిక (అంకె పెరిగితే క్షయం ఎక్కువని) 38 అని వేసి, 'చలి, పొడి వాతావరణం' అని రాసేశారు. తాజా గ్రానైటుకే అది 50 దగ్గర ఉంటుంది కదా? సిలికేట్లలోని కాల్షియమే లెక్కలోకి తీసుకోవాలి, నా రాళ్లలో కాల్సైట్ సిమెంటు (రేణువుల్ని అతికించే కాల్షియం కార్బొనేట్) ఉందని ముందే చెప్పాను కూడా. అది తీసేసి నేనే లెక్కేస్తే 71 వచ్చింది, అంటే క్షయం ఓ మోస్తరుగా జరిగిందని, కథే మారిపోయింది. ఇసుక ఎలాంటి భూఫలక ప్రాంతంలో పేరుకుందో చెప్పే టెక్టానిక్ పటంలో చుక్కలు పెట్టి 'నిష్క్రియ ఖండపు అంచు' (ఫలకాల ఢీ లేని ఖండపు అంచు) అని ఒక్క ముక్కలో తేల్చేశారు, ఇసుక పాత రాళ్ల నుంచి మళ్లీ కొట్టుకొచ్చిందేమో అన్న ఆలోచనే లేదు.

ఐదుకి రెండున్నర. ఇక్కడికి పంపితే అగేట్ (గట్టి సిలికా రాయి) మిల్లు, ఫ్యూజన్ కావాలని రాతపూర్వకంగా అడగండి.