డెల్టా ఎస్సా, డెల్టా జీనా: పరీక్షకి ఏది పట్టుకోవాలి?

విజయవాడ హాస్టల్లో ఉండి ఎంపీసీ చదువుతున్న మా చెల్లి మొన్న ఆదివారం ఫోన్ చేసి, "అక్కా, ఎంట్రోపీ పెరిగితేనే స్పాంటేనియస్ అని రాయించారు, మరి నీళ్లు గడ్డకడితే తగ్గుతుందిగా, ఐస్ ఎలా అవుతోంది?" అంది. మంచి ప్రశ్నే. (ఎంట్రోపీ అంటే శక్తి, కణాలు ఎంతగా చెల్లాచెదురయ్యాయో చెప్పే కొలత, దాని మార్పే డెల్టా ఎస్. స్పాంటేనియస్ అంటే బయటి బలవంతం లేకుండా దానంతటదే జరిగేది.) పెరగాల్సింది సిస్టమ్ (ఇక్కడ నీరు) ఎంట్రోపీ కాదు, దానిదీ పరిసరాలదీ కలిపిన మొత్తం. మైనస్ 10 డిగ్రీల దగ్గర ఒక మోల్ నీరు గడ్డకడితే నీటికి దాదాపు 22 జౌల్స్ పర్ కెల్విన్ తగ్గుతుంది, కానీ వేడిగా బయటికి పోయిన 6010 జౌల్స్‌ని 263 కెల్విన్‌తో భాగిస్తే పరిసరాలకి 22.85 వస్తుంది. మొత్తం ప్లస్. అదే ప్లస్ 10 దగ్గర 283తో భాగించండి, 21.2యే వస్తుంది, మైనస్‌లోకి పోతుంది, అందుకే అక్కడ గడ్డకట్టదు.

విషయం అర్థం కావాలంటే ఈ దారే మేలు. కానీ ఈఏపీసెట్ (పాత ఎంసెట్) హాల్లో టైమ్ తరుముతుంటే పరిసరాల లెక్క విడిగా ఎవరు చేస్తారు? అక్కడ డెల్టా జీ = డెల్టా హెచ్ − టీ డెల్టా ఎస్ పట్టుకోండి (డెల్టా జీ అంటే గిబ్స్ శక్తిలో మార్పు, డెల్టా హెచ్ అంటే స్థిర పీడనంలో సిస్టమ్ తీసుకునే వేడి, టీ అంటే కెల్విన్‌లో ఉష్ణోగ్రత). ఇందులో ఉన్నవన్నీ సిస్టమ్‌వే, జవాబు మైనస్ వస్తే స్పాంటేనియస్. నిజానికిది మొత్తం ఎంట్రోపీనే మైనస్ టీతో గుణించిన రూపం. ఒకటే షరతు, ఉష్ణోగ్రత, పీడనం స్థిరంగా ఉండాలి. ప్రశ్నలో 'ఐసొలేటెడ్ సిస్టమ్' (బయటితో వేడి, పదార్థం ఏదీ ఇచ్చిపుచ్చుకోనిది) అని కనిపిస్తే మాత్రం మళ్లీ డెల్టా ఎస్ దగ్గరికే రావాలి. (స్పాంటేనియస్ అంటే త్వరగా జరిగేదని కాదు, వజ్రం గ్రాఫైట్ అవడం కూడా స్పాంటేనియస్సే, మీ అమ్మగారి ముక్కుపుడకకి ఏం కాదు.)

లెక్కల్లో నా ఓటు డెల్టా జీకే, కాకపోతే యూనిట్ల దగ్గర ముంచుతుంది. పిడుగురాళ్ల బట్టీల్లో సున్నపురాయి కాల్చడమే తీసుకోండి, డెల్టా హెచ్ 178 కిలోజౌల్స్, డెల్టా ఎస్ 160 జౌల్స్ పర్ కెల్విన్. డెల్టా జీ సున్నా అయ్యే ఉష్ణోగ్రత కోసం 178ని 178000 జౌల్స్ చేసి 160తో భాగిస్తే దాదాపు 1110 కెల్విన్, అంటే సుమారు 840 డిగ్రీలు దాటాకే డెల్టా జీ మైనస్ అవుతుంది. మా చెల్లి నేరుగా 178ని 160తో భాగించి 1.1 కెల్విన్ అని రాసుకొచ్చింది. అదే నిజమైతే పిడుగురాళ్ల క్వారీల్లో ఒక్క రాయి కూడా మిగిలేది కాదే అన్నా, అవతల కాసేపు చప్పుడు లేదు, తర్వాత పేజీ తిప్పుతున్న శబ్దం.