పాస్‌వర్డ్ పెట్టినా తాళం పడని సాఫ్ట్‌వేర్, కొనకండి

శ్రీకాకుళంలో లెక్కల సాఫ్ట్‌వేర్లు అమ్మే ఆ షాపు మీలో చాలామందికి తెలుసు, పేరు రాయను. రాతలకు తాళం వేస్తుందని చెప్పి 3,500కి అమ్ముతున్న ప్రోగ్రాం మాత్రం కొనకండి.

మాది కాశీబుగ్గలో జీడిపిక్కల వ్యాపారం. ఎవరు ఎన్ని 80 కిలోల బస్తాలు వేశారు, ఎంత బాకీ, ఏ ఖాతాలో వెయ్యాలి, అన్నీ తెలుగులోనే టైప్ చేసుకుంటాను. పాస్‌వర్డ్ కొట్టి బటన్ నొక్కితే అదంతా అర్థంకాని ఇంగ్లిషు అక్షరాలైపోయేది. ఆ ధైర్యంతోనే ఫైళ్లు వాట్సాప్‌లో నలుగురికి పంపాను.

ఆదివారం మా మేనల్లుడు చూసి, "మామయ్యా, ఇవన్నీ 4ఎల్‌సీ అనే ఎందుకు మొదలవుతున్నాయి?" అన్నాడు. నిజమే, అన్నీ అంతే. ఒకటి కాపీ చేసి నెట్‌లో ఫ్రీగా దొరికే పేజీలో పెట్టాడు. పాస్‌వర్డ్ అడగనే లేదు. మందస రైతు పేరు, ఖాతా నంబరు, బాకీ, నేను కొట్టింది కొట్టినట్టు వచ్చేశాయి. నాకు చేతులు చల్లబడిపోయాయి.

అది బేస్64 అట. మెయిల్‌లో ఫైళ్లు చెడకుండా వెళ్లడానికి వాడేది, దాచడానికి కాదు. కంప్యూటర్‌లో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు, అంటే 3 చిన్న ముక్కలు, వాటికి బదులు 4 ఇంగ్లిషు గుర్తులు రాస్తుంది. 'అ'తో మొదలైతే ఎవరు చేసినా 4ఎల్‌సీఎఫ్. నేను పెట్టిన పాస్‌వర్డ్‌కీ రాతకీ సంబంధమే లేదు.

సోమవారం బస్సెక్కి వెళ్లాను. ఓనరు ఫోన్లోంచి తల ఎత్తలేదు. "అక్షరాలు మారాయి కదా, ఇంకేటి?" అన్నాడు. రైతుల ఖాతా నంబర్లండీ అన్నాను. "పిక్కల లెక్కలు ఎవడికి కావాలి, అందులోనూ తెలుగులో రాసినవి!" అన్నాడు. పక్కన కుర్రాడు నవ్వాడు. ఆ మాట ఇంకా గుండెలో గుచ్చుకుంటోంది. నన్ను నమ్మి పాస్‌బుక్ జిరాక్సులు చేతిలో పెట్టిన మనుషుల లెక్కలవి. డబ్బు తిరిగివ్వమంటే బిల్లు తిరగేసి 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అన్న లైను మీద వేలు పెట్టి చూపించాడు.

తప్పు నాదీ ఉంది. కొనేముందు ఒకే పదాన్ని రెండు వేర్వేరు పాస్‌వర్డ్‌లతో మార్చి చూడాల్సింది. రెండుసార్లూ ఒకేలా వస్తే అది తాళం కాదు. మీరైనా అలా చూసుకోండి. ఇప్పుడు మావాడు సెవెన్‌జిప్ అనే ప్రోగ్రాం పెట్టాడు, ఫ్రీయే, ఏఈఎస్-256 అనే పద్ధతిలో పాస్‌వర్డ్‌తో నిజంగానే తాళం వేస్తుంది. పాస్‌వర్డ్ ఫైలుతోపాటు పంపకుండా ఫోన్లో చెప్పమన్నాడు.

ఆ నలుగురి చేతా పాత ఫైళ్లు తీసేయించాను. 23 మంది రైతుల్లో 14 మందికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. వజ్రపుకొత్తూరు, కవిటి వాళ్లు మిగిలారు, రేపు పొద్దున్నే చేస్తాను.