జంతుశాస్త్ర పరిశోధనలో ఫొటో కొలతలకు ఫిజి: ఎక్కడ నమ్మొచ్చు, ఎక్కడ జాగ్రత్త పడాలి

జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసినా, పీహెచ్‌డీ చేసినా మైక్రోస్కోపు ఫొటోల నుంచి అంకెలు రాబట్టే పని తప్పదు. చేప అండాల వ్యాసం, కండర తంతువుల వైశాల్యం, లార్వా పొడవు, వృషణ నాళికల మందం, ఇలా ఏదో ఒకటి కొలవాల్సి వస్తుంది. ఈ పనికి ఫిజిని మించిన సాఫ్ట్‌వేర్ లేదని మా అభిప్రాయం. వేన్ రాస్‌బాండ్ 1997లో ఫొటోలను కొలిచే సాఫ్ట్‌వేర్ ఇమేజ్‌జెను తెచ్చారు. దానికే జీవశాస్త్రానికి కావాల్సిన ప్లగిన్‌లు (అదనపు పనిముట్లు) ముందుగానే చేర్చి ఇస్తే అది ఫిజి. పూర్తిగా ఉచితం. ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు, జిప్ విప్పితే చాలు. విండోస్‌లో మాత్రం ప్రోగ్రామ్ ఫైల్స్‌లో పెట్టకండి, అక్కడ రాసే అనుమతి లేక అప్‌డేట్లు ఆగిపోతాయి.

మీరు తప్పుగా వాడుతుంటే ఇది ఒక్క హెచ్చరిక కూడా ఇవ్వదు. దీని పెద్ద లోపం ఇదే, ముందుగా బయటపడేది స్కేలు (ఒక పిక్సెల్ ఎన్ని మైక్రాన్లో చెప్పే లెక్క) దగ్గర. స్టేజ్ మైక్రోమీటర్‌ను (1 మి.మీ. పొడవు, 100 గీతలు, ఒక్కో గడి 10 మైక్రాన్లు) మీ నమూనాకు వాడిన ఆబ్జెక్టివ్‌తోనే (నమూనా వైపు ఉండే కటకం), అదే కెమెరా రిజల్యూషన్‌లో ఫొటో తీయండి. ఒక్క గడి మీద కాకుండా వీలైనన్ని ఎక్కువ గడుల మీదుగా గీత గీసి సెట్ స్కేల్‌లో తెలిసిన పొడవు ఇవ్వండి. అక్కడున్న గ్లోబల్ అనే గడిలో టిక్ పెడితే, తర్వాత తెరిచే 40ఎక్స్ ఫొటోకు కూడా 10ఎక్స్ స్కేలే అంటుకుంటుంది. స్కేలు తప్పి పొడవు పది శాతం ఎక్కువగా వస్తే, వైశాల్యం 21 శాతం పెరిగిపోతుంది. స్టీరియో మైక్రోస్కోపులో జూమ్ నాబ్‌ను క్లిక్‌మని ఆగే స్థానాల్లోనే వాడి, ఒక్కో స్థానానికి వేరుగా స్కేలు తీసుకోవాలి.

అండాల లాంటి గుండ్రటి వాటిని గుంపుగా లెక్కించడంలో ఫిజి సత్తా తెలుస్తుంది. ఫొటోకు డూప్లికేట్ తీసి (అన్‌డూ ఒక్క అడుగే వెనక్కి వెళ్తుంది కాబట్టి అసలు ఫొటోను ముట్టుకోవద్దు) 8-బిట్‌లోకి (256 బూడిద స్థాయిలు) మార్చండి. వెలుతురు ఒక మూల ఎక్కువగా ఉంటే నేపథ్యాన్ని తీసేసే సబ్‌ట్రాక్ట్ బ్యాక్‌గ్రౌండ్ వాడాలి. అందులో ఇచ్చే వ్యాసార్ధం మీ అతిపెద్ద అండం వ్యాసార్ధం కన్నా తగ్గితే అండం మధ్య భాగమే నేపథ్యంగా చెరిగిపోతుంది. ఆ తర్వాత థ్రెషోల్డ్ (అండాలను నేపథ్యం నుంచి నలుపు-తెలుపుగా విడదీస్తుంది), ఫిల్ హోల్స్ (లోపలి ఖాళీలు నింపుతుంది), వాటర్‌షెడ్ (అంటుకున్నవాటిని విడగొడుతుంది), చివర అనలైజ్ పార్టికల్స్ (ఒక్కోదాన్ని లెక్కించి కొలుస్తుంది). అంచున తెగిన అండాలను వదిలేసే ఎక్స్‌క్లూడ్ ఆన్ ఎడ్జెస్‌ను తప్పక పెట్టండి. ఆ టిక్ లేనప్పుడు ఫలితంలో ఫొటో అంత వైశాల్యమున్న ఒకే ఒక్క వస్తువు వస్తే, ఏ రంగును నేపథ్యంగా తీసుకోవాలో చెప్పే బ్లాక్ బ్యాక్‌గ్రౌండ్ అమరిక తిరగబడి, అండాలకు బదులు నేపథ్యాన్ని కొలిచిందని అర్థం.

వాటర్‌షెడ్‌ను గుండ్రటి వాటికే నమ్మాలి. పొడుగాటి, వంకర అంచుల కండర తంతువులను అది మధ్యలో నరికేస్తుంది. వాటిని చేత్తో గీయడం మేలు. కోత కాస్త ఏటవాలుగా పడితే వైశాల్యం పెరిగిపోతుంది, కనిష్ఠ ఫెరెట్ వ్యాసం (తంతువును రెండు సమాంతర గీతల మధ్య బిగిస్తే వచ్చే అతి తక్కువ వెడల్పు) మీద ఆ ప్రభావం చాలా తక్కువ. కాబట్టి కండరం పని చేసేవాళ్లు సెట్ మెజర్‌మెంట్స్‌లో ఫెరెట్‌ను మరవకూడదు. వంగిన లార్వా పొడవుకు సెగ్మెంటెడ్ లైన్ గీసి ఫిట్ స్ప్లైన్ ఇస్తే గీత వెన్ను వెంట చక్కగా వంగుతుంది.

ఫ్లోరసెన్స్ (రంగు పదార్థాలు వెలిగే కాంతి) తీవ్రత కొలిచేవాళ్లకు రెండు మాటలు. జేపెగ్‌లో దాచిన ఫొటో ఈ పనికి పనికిరాదు, మైక్రోస్కోపు కంపెనీ అసలు ఫైలునే బయో-ఫార్మాట్స్ అనే ప్లగిన్‌తో తెరవండి. బ్రైట్‌నెస్-కాంట్రాస్ట్ కిటికీలో అప్లై నొక్కారో, పిక్సెల్ విలువలే మారిపోతాయి. కొలిచే ముందు కాంట్రాస్ట్ పరిధిని కెమెరా పూర్తి పరిధికి (అప్లై నొక్కకుండా) పెట్టి, హైలో అనే రంగుపట్టీతో చూడండి. ఎర్రగా కనిపించినవన్నీ గరిష్ఠానికి తగిలి నిలిచిపోయిన పిక్సెళ్లు. అవి కణజాలం నిండా ఉంటే ఎక్స్‌పోజర్ తగ్గించి మళ్లీ ఫొటో తీయడం తప్ప మార్గం లేదు.

మాకు బాగా నచ్చినది ఆర్ఓఐ మేనేజర్, అంటే ఫొటోపై గీసిన కొలత ప్రాంతాలను దాచే జాబితా. గీసిన ప్రతి గీతనూ కీబోర్డులో టి నొక్కి అందులో చేర్చి, ఫొటో పేరుతోనే జిప్‌గా దాచుకోవచ్చు. ఈ ఒక్క అంకె ఎక్కడిదని గైడ్ అడిగితే ఆ గీతను ఫొటో మీద మళ్లీ చూపించవచ్చు. ఎక్సెల్ పట్టికతో అది సాధ్యం కాదు. చేసే పనులను ఆదేశాలుగా రాసిపెట్టే మాక్రో రికార్డర్ నడుస్తుండగా పనిచేస్తే ప్రతి అడుగూ విలువలతో సహా నమోదవుతుంది, థీసిస్‌లో పద్ధతుల అధ్యాయం రాసేటప్పుడు ఆ ఫైలే ఆధారం.

స్లైడు మొత్తాన్ని స్కాన్ చేసిన భారీ ఫైళ్లకు మాత్రం ఫిజి సరిపోదు, మెమరీ నిండి ఆగిపోతుంది. వాటికి క్యూపాత్ అనే సాఫ్ట్‌వేర్ వాడండి, అదీ ఉచితమే.