ఒకే కంపెనీని నమ్ముకోవాలా, మారుతూ పోవాలా: ఏది మేలు?

జడ్చర్లలో పీఎఫ్, ఈఎస్‌ఐ కాగితాల పనులు చూసిపెడుతుంటాను. పోలేపల్లి సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) నుంచి, కొత్తూరు నుంచి వచ్చే మందుల కంపెనీల పిల్లలు ఈ మధ్య ఒకటే అడుగుతున్నారు. "అన్నా, మనుషుల్ని తగ్గిస్తారంటున్నారు. ఉన్నచోటే ఉండాల్నా, వేరేచోట ఎక్కువిస్తే పోవాల్నా?" ఆర్డర్లు తగ్గినా, అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీలో తేడా వచ్చినా కోత తమ మీదే పడుతుందని వాళ్ల టెన్షన్.

ఇంట్లో పెద్దవాళ్లేమో ఉప్పు తిన్నచోట విశ్వాసంగా ఉండమంటారు. కంపెనీ బస్సులో పక్కనున్నవాడు రెండేళ్లకోసారి మారితేనే జీతం పెరుగుతుందంటాడు. రెండూ కొట్టిపారేసే మాటలు కావు. అందుకే నేను జీతం సంగతి తర్వాత అడుగుతాను. ముందు అడిగేది, "ఎవరి రోల్స్ మీద ఉన్నావు, చేసే పనేంటి?" అని. అంటే నీ పేరు కంపెనీ ఉద్యోగుల లిస్టులో ఉందా, కాంట్రాక్టర్ లిస్టులో ఉందా అని. నా లెక్కలో అసలు విషయం తేలేది అక్కడే.

కంపెనీ రోల్స్ మీద ఆపరేటరో, టెక్నీషియనో అయితే ఉండిపోవడమే మేలంటాను. యజమాని మంచితనం మీద నమ్మకంతో చెప్పడం లేదు. పాత సర్వీసుకు చట్టం విలువ కట్టింది కాబట్టి చెబుతున్నాను. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉన్న రక్షణలు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ చాలావరకు ఉన్నాయి. ఏడాది సర్వీసు నిండిన కార్మికుడిని అవసరం లేదని తీసేయాలంటే నెల నోటీసు గానీ, ఆ నెల జీతం గానీ ఇవ్వాలి. దాంతోపాటు పనిచేసిన ఒక్కో ఏడాదికి 15 రోజుల జీతం పరిహారం. అన్నిటికన్నా ముఖ్యం, ఒకే రకం పనిలో ఉన్నవాళ్లలో మామూలుగా చివర చేరినవాడినే ముందు తీసేయాలి. అలా కాదంటే కారణం రాసిపెట్టాలి. ఏడాదిలోపు మళ్లీ మనుషుల్ని తీసుకుంటే తీసేసినవాళ్లకే మొదటి అవకాశం ఇవ్వాలి. 300 మంది, అంతకుమించి కార్మికులున్న ఫ్యాక్టరీ అయితే ముందుగా ప్రభుత్వ అనుమతి కావాలి. ఈ సంఖ్య ఇంతకుముందు 100 ఉండేది. పెంచడం కార్మికుడికి నష్టమే, చిన్న యూనిట్లలో ఉన్నవాళ్లు ఇది మరిచిపోకూడదు.

ఇప్పుడు కంపెనీ మారావనుకో. కొత్తచోట చివర చేరినవాడివి నువ్వే అవుతావు. గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి కంపెనీ ఇచ్చే డబ్బు కూడా చూసుకోవాలి. పర్మనెంట్ ఉద్యోగికి అయిదేళ్లు నిండాలి. లెక్కలోకి వచ్చే జీతం 15,000 అయితే అయిదేళ్లకు దాదాపు 43,000 వస్తుంది. నాలుగేళ్లు దాటినవాడు నెలకు రెండు వేలు ఎక్కువని పోతే, ఆ పోయిన డబ్బు పూడటానికే రెండేళ్లు పడుతుంది. అయిదేళ్లు నిండనిచ్చి పోతే ఎవరూ తప్పు పట్టరు.

సూపర్‌వైజర్లు, ఎగ్జిక్యూటివ్‌ల సంగతి వేరు. బీఎస్సీయో, బీఫార్మసీయో చేసి క్యూఏలో (నాణ్యత చూసే విభాగం), ప్రొడక్షన్‌లో చేరి, నలుగురిని నడిపిస్తూ నెలకు 18,000 మించి తీసుకుంటుంటే కోడ్ లెక్కలో కార్మికుడు కిందికి రారు. (డిజిగ్నేషన్ ఏం పెట్టారన్నది కాదు, నిజంగా చేసే పని ఏంటన్నదే చూస్తారు.) వీళ్లకు దిక్కు అపాయింట్‌మెంట్ లెటర్‌లో రాసిన నోటీస్ పీరియడే. చివర చేరినవాడు ముందు పోవాలన్న నియమం ఇక్కడ లేదు, పదేళ్ల సీనియర్‌నైనా జీతం ఎక్కువైందని పక్కన పెట్టొచ్చు. కాబట్టి మూడు నాలుగేళ్లకు మారడమే వీళ్లకు మేలు. అయితే హైక్ ఒక్కటే చూసి దూకొద్దు. ఆడిటర్ ముందు కూర్చుని బ్యాచ్ రికార్డు (ఒక్కో విడత మందు ఎలా తయారైందో రాసిన కాగితాలు) చూపించి సమాధానం చెప్పగలిగినవాడికి, వ్యాలిడేషన్ (మెషిన్లు, పద్ధతులు సరిగ్గా పనిచేస్తున్నాయని రుజువు చేసే) పని తెలిసినవాడికి ఇంకో ప్లాంటులో చోటు దొరుకుతుంది. అలాంటి పని నేర్పేచోటికే వెళ్లండి.

ఇక నాకు కడుపు మండేది కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లను చూస్తే. ప్యాకింగ్‌లో చేసే ఒకావిడ మొన్న పీఎఫ్ పాస్‌బుక్ చూపించింది. తొమ్మిదేళ్లుగా అదే గేటు, అదే లైను, మాత్రలను పట్టీల్లో ప్యాక్ చేసే అదే బ్లిస్టర్ మెషిన్. పాస్‌బుక్‌లో మాత్రం మూడు మెంబర్ ఐడీలు (పీఎఫ్ ఖాతా నంబర్లు), మూడు కాంట్రాక్టర్ల పేర్లు. కాంట్రాక్టర్ మారినప్పుడల్లా ఆవిడ కొత్తగా చేరినట్టు రాసుకున్నారు. ఒక్క పండక్కి కూడా సెలవు అడగకుండా చేసింది. ఆ నమ్మకం ఏ కాగితం మీదా లేదు. ఇలాంటివాళ్లకు నా మాట ఒకటే, జీతం వెయ్యి తగ్గినా కంపెనీ రోల్స్ దొరికేచోటికి వెళ్లండి. మారేటప్పుడు పీఎఫ్ తీసేసుకోకుండా పాత ఖాతాలను కొత్తదాంట్లోకి ట్రాన్స్‌ఫర్ చేయించుకోండి. పెన్షన్‌కు కావాల్సిన పదేళ్ల సర్వీసు అలా కలిసొస్తుంది.

ఉద్యోగం మానేసి గ్రూప్స్‌కు చదువుతామనేవాళ్లు, షాపు పెడతామనేవాళ్లు కూడా అడుగుతుంటారు. చేతిలో ఏడాది ఖర్చు ఉంటే సరే, లేదంటే ఉద్యోగం చేస్తూనే ప్రయత్నించండి.

ఉండేవాళ్లయినా, మారేవాళ్లయినా ఒకచోట మాత్రం జాగ్రత్త. మనుషుల్ని తగ్గించేటప్పుడు ఆఫీసులోకి పిలిచి, తలుపేసి, "నువ్వే రాజీనామా రాసివ్వు, రిలీవింగ్ లెటర్ మంచిగా ఇస్తాం" అంటారు. రాజీనామా రాసిస్తే నీ అంతట నువ్వే పోయినట్టు, తగ్గింపు పరిహారం అడగడానికి ఉండదు. అక్కడికక్కడే సంతకం పెట్టకండి. తీసేస్తున్నట్టు వాళ్లనే కాగితం మీద రాసిమ్మనండి. ఇవ్వకపోతే మరుసటి రోజు కూడా టైముకు డ్యూటీకి వెళ్లండి. గేటు దగ్గర ఆపితే ఆ రోజే కంపెనీకి ఈమెయిల్ పెట్టి, దాని ప్రింటు తీసుకుని మహబూబ్‌నగర్‌లో కార్మిక శాఖ ఆఫీసుకు పోండి.